దావత్ అయింది, స్లాబ్ కాలేదు

కొత్త వెర్షన్ వచ్చిన రోజు పొద్దున నేను టిఫిన్ సగంలో వదిలేసి ఆఫీసుకు పోయాను. జనగామలో మాదొక చిన్న కాంట్రాక్టు సంస్థ. బడి గదులు, ఊరి దవాఖానలు, గోదాములు కడతాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎప్పుడూ నాలుగైదు పనులు నడుస్తుంటాయి. ఏ పని ఏ రోజు మొదలవ్వాలి, ఎప్పటికి పూర్తవ్వాలి, ఎవరు ఎక్కడ ఉండాలి అన్నదంతా ఒక సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దాన్ని చూసుకునేది నేను. ఇటుక పేర్చను, ఇసుక మోయను. కంప్యూటర్ ముందు కూర్చుని పనులకు తేదీలు వేస్తాను, అయిన పనికి టిక్కు పెడతాను. ఆరేళ్లుగా ఇదే నా ఉద్యోగం.

ఆ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌తో నేను పడిన అవస్థ ఇంకెవరూ పడి ఉండరు. ఒక్క పని రెండు రోజులు జరిగితే దాని వెనకున్న పన్నెండు పనుల తేదీలూ చేత్తో మార్చాలి. కాటారం దాటి అడవిలోకి పోతే సిగ్నల్ ఉండదు, అక్కడ ఎక్కించిన వివరాలు గాలిలో కలిసిపోయేవి. అందుకే కొత్త వెర్షన్ వస్తోందని తెలిసినప్పటి నుంచి రోజులు లెక్కపెట్టుకున్నాను. అందులో ఏమేం ఉన్నాయో చెప్పే పొడుగాటి పత్రాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతుంటే మా ఆవిడ ఫోన్‌లోకి తొంగి చూసి, ఇంత శ్రద్ధగా నా ఉత్తరాలు కూడా చదవలేదు కదా అంది. నిజమే.

ఆఫీసులో నాకంటే ముందే వచ్చింది మా కొలీగ్. సిమెంటు, స్టీలు ఏ సైటుకు ఎప్పుడు పోవాలో చూసే అమ్మాయి. రోజూ తరిగొప్పుల నుంచి బస్సులో వస్తుంది.

"ఏందన్నా, మొఖం గిట్ల ఎలుగుతుంది? మల్ల పెండ్లి చూపులున్నయా ఏంది? వదినకు ఫోన్ చెయ్యాల్నా?" అంది.

"కుర్చీ ఇటు లాక్కో. ఒకటి చూపిస్త" అన్నాను.

తెర మీద ప్రతి పనికీ ఒక పట్టీ ఉంటుంది. పునాది ఒక పట్టీ, గోడలు ఒకటి, స్లాబ్ ఒకటి, స్లాబ్‌కు నీళ్లు పట్టే రోజులు ఒకటి, స్లాబ్ గట్టిపడేదాకా కింద నుంచి మోసే సెంట్రింగ్ విప్పడం మరొకటి. కొత్త వెర్షన్‌లో ఒక పట్టీని ఇంకోదానికి దారంతో కట్టినట్టు ముడి వేయవచ్చు. గోడల పట్టీని పట్టుకుని నాలుగు రోజులు ముందుకు జరిపాను. వెనకున్నవన్నీ, ఇంజన్ వెంట గూడ్సు డబ్బాల్లా, ఒకదాని తర్వాత ఒకటి కదిలాయి. చివరన ఆ అమ్మాయి స్టీలు పంపాల్సిన తేదీ కూడా దానంతటదే మారింది. ఆమె మౌసు నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ జరిపింది. వెనక్కి జరిపింది. ఇంకోసారి ముందుకు జరిపింది.

"గీ ముడి పోయిన ఏడాది ఉంటే నాకు సగం తిట్లు తప్పుతుండె" అంది.

సిగ్నల్ లేకపోయినా పనిచేయడం, మాట్లాడితే తెలుగులో రాయడం, సైటు మీదున్న మనిషి ఫోటో పెట్టి ఒప్పుకుంటే తప్ప పనికి టిక్కు పడకపోవడం, ఇవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాం. పదకొండింటికి మా యజమాని వచ్చాడు. ఆయన్ను అందరం అన్న అనే పిలుస్తాం. ఆయనకూ మొదటి నుంచి చూపించాను. గొంతు తడారిపోతున్నా ఆగలేదు. అన్న కూడా చిన్నపిల్లాడిలా పట్టీలు జరిపాడు.

"మనుషులది కూడ చూపెడుతదంటివి, గదేంది?" అన్నాడు.

అది నాకు అన్నిటికంటే నచ్చినది. పాత వివరాలన్నీ కలిపి, ఎవరి వల్ల ఏ పని ఎన్ని రోజులు ఆగిందో లెక్క తీసి, ఒక్కొక్కరి పేరు పక్కన రంగు వేస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. నొక్కాను. పేర్లు వరసగా తెరుచుకున్నాయి. అన్నీ పచ్చగానో పసుపుగానో ఉన్నాయి. ఒక్క పేరు ఎర్రగా ఉంది.

అది మా పాత మేస్త్రి పేరు. రఘునాథపల్లి మనిషి, అరవైకి దగ్గరగా ఉంటాడు. సైటులో అందరం చాచా అనేవాళ్లం. ఇరవై ఏళ్లు మా సంస్థకు స్లాబులు పోసి, పోయిన ఏడాది వానాకాలంలో మా నుంచి వెళ్లిపోయాడు. సరిగ్గా చెప్పాలంటే, మేం పంపించేశాం.

అన్న ఆ ఎరుపు వైపు కాసేపు చూశాడు.

"మానుకోట బడి గదులకు చాచాను మల్ల పిలుద్దామని మనసుల పెట్టుకున్న" అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాద్. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. "నాలుగు గదుల స్లాబ్. గసొంటి చెయ్యి మనకు దొరకలే. కని గిది చూసినంక ఎట్ల పిలుస్త? మంచిదైంది, ముందుగాలనే తెలిసింది. బాగుంది నీ మిషన్."

నా భుజం తట్టి తన గదిలోకి పోయాడు. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఆఫీసులో నాకొక్కడికే తెలుసు.

*

మా పనిలో స్లాబ్ పోసిన రోజు దావత్ ఉంటుంది. మేకనో గొర్రెనో, ఒక యాటను కోస్తారు. తెల్లవారుజామున కాంక్రీటు మొదలుపెట్టి, మధ్యాహ్నానికి పని దించి, చేతులు కడుక్కుని, మేస్త్రి నుంచి కూలీ దాకా ఒకే బంతిలో కూర్చుని తింటారు. స్లాబ్ పడకుండా దావత్ జరగడం నేనెప్పుడూ చూడలేదు. వినలేదు కూడా.

పోయిన ఏడాది మహదేవపూర్ దగ్గర ఒక ఊళ్లో చిన్న దవాఖాన కడుతున్నాం. ఫలానా గురువారం స్లాబ్ అనుకున్నాం. నేను జనగామలో ఉన్నాను. మధ్యాహ్నం మా గ్రూపులో ఫోటో వచ్చింది. బంతిలో కూర్చున్న మనుషులు, విస్తళ్లు, కూర గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి. నేను ఫోటోను పెద్దది చేసి కూడా చూడలేదు. స్లాబ్‌కు టిక్కు పెట్టేశాను. ఆరేళ్లలో అలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. దావత్ ఫోటో వచ్చిందంటే స్లాబ్ అయినట్టే.

ఆ రోజు స్లాబ్ కాలేదు. కాంక్రీటు కలిపే మిల్లర్ భూపాలపల్లి నుంచి వస్తూ దారిలో ఇరుసు విరిగి ఆగిపోయింది. పొద్దున్నే యాటను కోసేశారు. కూర వండేశారు. మాంసం ఆగదు కదా, తిన్నారు. ఆ సాయంత్రం చాచా నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను వేరే పనిలో ఉండి ఎత్తలేదు. తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండు నిమిషాల పైన ఉంది. పొడుగాటి వాయిస్ మెసేజ్‌లు వినే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. దావత్ బాగా జరిగిందని చెబుతున్నాడులే అనుకుని వదిలేశాను.

తర్వాత వానలు పట్టుకున్నాయి. స్లాబ్ తొమ్మిది రోజులు ఆలస్యంగా పడింది. సాఫ్ట్‌వేర్ మాత్రం నేను టిక్కు పెట్టిన గురువారం నుంచే రోజులు లెక్కపెట్టుకుంటూ పోయింది. ఇరవై ఒకటో రోజు సెంట్రింగ్ వాళ్లకు దానంతటదే మెసేజ్ పంపింది: పలకలు, జాకీలు విప్పండి. వాళ్లు ఎనిమిది మంది లారీ వేసుకుని నూట అరవై కిలోమీటర్లు పోయారు. చాచా జాకీలకు అడ్డంగా నిలబడ్డాడు. ఒక్క జాకీ ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాడు. లారీ ఖాళీగా తిరిగి వచ్చింది. అవే జాకీలు మర్నాడు మహబూబాబాద్‌లో ఇంకో పనికి కావాలి. ఆ పని ఆగింది.

అన్న నా ముందే చాచాకు ఫోన్ చేశాడు. అవతల సైటు మీద స్పీకర్ పెట్టించాడు, అందరూ వినాలని. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు. చాచా ఒకే మాట చెప్పాడు: "అన్న, స్లాబ్ వడి పన్నెండు దినాలే అయింది."

అన్న నా వైపు తిరిగాడు. "నీ దాంట్ల ఏ తారీఖుంది?"

నేను తెర చూసి, ఉన్న తేదీ చదివాను. "కంప్యూటర్‌ల ఇరవై ఒక్క దినాలు అయినట్టే ఉంది అన్న."

ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి మాట నా టిక్కు ముందు నిలబడలేదు. ఆ వారమే చాచా సంచీ సర్దుకుని రఘునాథపల్లి పోయాడు. పని ఆగింది ఎవరి వల్ల అని సాఫ్ట్‌వేర్ అడిగే చోట నేను చాచా పేరు పెట్టాను.

మూడు రోజుల తర్వాత ఆ సైటుకు పోయాను. మేడ మీదికెక్కి చూస్తే స్లాబ్ అంచున, పచ్చి సిమెంటు మీద మేకుతో గీసిన తారీఖు ఉంది. చాచా పోసిన ప్రతి స్లాబ్ మీదా అలా గీస్తాడు, ఎన్ని రోజులు నీళ్లు పట్టాలో తెలియడానికి. గురువారానికి తొమ్మిది రోజుల తర్వాతి తారీఖు అది. ఎందుకో దాని పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాను. తిరుగు బస్సులో ఆ వాయిస్ మెసేజ్ విన్నాను. పరకాల రాకముందే ఫోన్‌లోంచి సాఫ్ట్‌వేర్ తెరిచి స్లాబ్ తేదీని తొమ్మిది రోజులు ముందుకు జరిపాను. లెక్క సరిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణాలు చాలానే వెతుక్కున్నాను అప్పట్లో. అన్న కోపంగా ఉన్నాడని, చాచాకు ఎలాగూ వేరే పనులు దొరుకుతాయని, రెండు రోజులాగి చెబుదామని. ఆ రెండు రోజులు ఏడాది అయ్యాయి.

*

అన్న తన గదిలోకి పోయాక నేను ఆ ఎర్ర పేరు మీద నొక్కాను. మహదేవపూర్ పని తెరుచుకుంది. మూలన కొత్త బొత్తం ఒకటి ఉంది: మార్పుల చరిత్ర. ఇంతకుముందు కూడా సాఫ్ట్‌వేర్ అన్నీ రాసుకుంటూనే ఉందట, చూపించేది కాదంతే. నొక్కాను.

మూడే వరసలు. స్లాబ్ పూర్తి అని పెట్టింది: నా పేరు, ఆఫీసు కంప్యూటర్ నుంచి. ఆలస్యం చాచా వల్ల అని పెట్టింది: నా పేరు, అదే కంప్యూటర్ నుంచి. తేదీ మార్చింది: నా పేరు, మొబైల్ నుంచి. దాని కింద, కారణం: ఖాళీ.

కొత్త వెర్షన్‌లో ఇంకో సదుపాయం కూడా ఉంది. ఆలస్యానికి కారణంగా మనిషినే కాదు, వాననో, సామాను రాకపోవడాన్నో ఎంచుకోవచ్చు. పాత పనులకు కూడా. చాచా పేరు తీసేసి వాన అని పెడితే ఎరుపు పోతుంది. అన్నకు చెప్పక్కర్లేదు. చాచాకు పని దొరుకుతుంది. నేనూ మిగులుతాను. వాన వచ్చి కాదనదు కదా. వేలు దాని మీద పెట్టాను కూడా.

నన్ను ఆపింది మంచితనం కాదు. ఆ మార్పు కూడా చరిత్రలో నాలుగో వరసగా పడుతుందని గుర్తొచ్చింది. ముందు భయం వేసింది. కాసేపటికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి నేను ఊరంతా పొగుడుకుంటున్న గుణమే కదా ఇది, ఎవరి లెక్కా దాచకపోవడం.

"ఏందన్నా, ఒక్కనివే నవ్వుతున్నవ్?" అంది ఆ అమ్మాయి.

"రఘునాథపల్లి పోయొస్త. అన్న అడిగితే సాయంత్రానికి వస్తనని చెప్పు" అన్నాను.

బండి తీశాను. లోపల ఎక్కడో పొద్దుటి హుషారు అలాగే ఉంది. ఇంకా పెరిగింది కూడా. ఏడాదిగా మోస్తున్నది దించబోతున్నాననో ఏమో, దారిలో ప్రతి లారీనీ దాటుకుంటూ పోయాను.

చాచా ఒక ఇంటికి కాంపౌండు గోడ కడుతున్నాడు. నన్ను చూసి తాపీ ఆపలేదు.

"ఏం సారు, తొవ్వ తప్పినవా?"

"లేదు చాచా. నీ కోసమే వచ్చిన."

"నా కోసమా. గట్లయితే జర ఈ దారం కొస వట్టుకో."

గోడ వరస సూటిగా రావడానికి కట్టే దారం అది. ఒక కొస మేకుకు ఉంది, రెండో కొస నా చేతికిచ్చాడు. అది పట్టుకుని కదలకుండా నిలబడే చెప్పాను. టిక్కు నేనే పెట్టాను, ఫోటో చూసి పెట్టాను, వాయిస్ వినలేదు, తర్వాత తెలిసి కూడా చెప్పలేదు. చాచా రెండు ఇటుకలు పెట్టాడు. మూడోది చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"దారం వంగుతుంది సారు. గట్టిగ వట్టు."

"నీకు ముందే తెలుసా చాచా?"

"తెల్వకేంది. నేను గీసిన తారీఖు పక్కన నిలవడి ఫోటో దిగినవంట గద. ఆడి వాచ్‌మన్ చెప్పిండు. సారు చూసిండు, ఇగ ఫోన్ వస్తదనుకున్న. ఒక నెల బాగ చూసిన. మా ఇంటామె, ఫోన్ గట్ల ముంగటేసుకొని కూసుంటే సిమెంటు కలుస్తదా అన్నది. అప్పటి సంది చూసుడు బంద్ వెట్టిన."

"మాఫీ చెయ్యి చాచా" అన్నాను.

"ఈడనా?" అన్నాడు. మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "తిట్టింది స్పీకర్ వెట్టి. ఇరవై మంది ఇన్నరు. సెంట్రింగోళ్లు ఇప్పటికి గూడ బస్టాండ్ల కనవడితే, చాచా జాకీలిస్తవా అని నవ్వుతరు. తిట్టుడు గందరి ముంగట, మాఫీ గోడ చాటుకా? గిదెక్కడి ఇన్సాఫ్ సారు?"

సోమవారం కొత్త వెర్షన్ నేర్పడానికి మేస్త్రీలనూ సెంట్రింగ్ వాళ్లనూ అందరినీ ఆఫీసుకు పిలిచామని చెప్పాను. అక్కడ చెబుతాను, నువ్వు రావాలి అన్నాను. చాచా వస్తానని అనలేదు, రానని అనలేదు. దారం కొస నా చేతిలోంచి తీసుకుని మేకుకు చుట్టాడు.

"ఏముంది గా కొత్త దాంట్ల? చూపెట్టు."

నేను ఆగలేకపోయాను. ఇటుకల దొంతర మీద కూర్చుని ఫోన్ తీసి పట్టీలు జరిపి చూపించాను. మాట్లాడితే తెలుగులో రాస్తుందని చెప్పాను. చాచా నమ్మలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "గీ ఇటుక మంచిది గాదు, సగం పగులుడే ఉన్నది" అన్నాడు. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. చాచా వేలు పెట్టి చదువుకున్నాడు. ఆ ఇంటాయన గుమ్మంలోంచి, మా ఇటుకను కంప్యూటర్‌ల ఎక్కిచ్చుడెందుకు చాచా అని నొచ్చుకున్నాడు.

"ఇక టిక్కు సైటు మీదున్న మనిషి ఒప్పుకుంటేనే పడుతుంది. ఫోటో కూడా పెట్టాలి" అన్నాను.

"ఏం ఫోటో? దావత్ ఫోటోనా?" అన్నాడు చాచా, తాపీ చేతిలోకి తీసుకుంటూ.

*

సోమవారం మా ఆఫీసు గది నిండింది. తెల్లగోడ మీద తెరను పెద్దగా వేశాం. చాచా చివర్న వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. అన్న ఆయన్ను చూసి నా వైపు చూశాడు.

నేను పట్టీల ముడితో మొదలుపెట్టాను. మేస్త్రీలకు అది బాగా నచ్చింది. ఒకాయన, మా గోడ ఆలస్యమైతే ప్లంబర్‌కు దానంతటదే తెలుస్తదా, ఇగ వాని ఫోన్లు తప్పినట్టే అన్నాడు. సిగ్నల్ లేకుండా పనిచేస్తుందంటే మహదేవపూర్ వైపు పోయేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంత బాగా సాగుతున్న చోట ఆగిపోవచ్చు కదా అని ఒక క్షణం అనిపించింది. తలుపు దగ్గర చాచా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మాట రాతగా ఎట్లా మారుతుందో చూపిస్త. పాత మెసేజ్ ఒకటి పెడుతున్న" అన్నాను. ఏడాది కిందటి ఆ వాయిస్‌ను మహదేవపూర్ పనికి జతచేసి నొక్కాను.

గది నిండా చాచా గొంతు వినిపించింది. గోడ మీద అక్షరాలు ఆ గొంతు వెంటే నడిచాయి. "సారు, స్లాబ్ ఇయ్యాల వడలేదు. మిల్లర్ రాలే. యాటను కోసినం గనుక తిన్నం. దావత్ అయింది, స్లాబ్ కాలే. తారీఖు వెయ్యకుండ్రి సారు, మల్ల సెంట్రింగోళ్లు ముందుగాలనే వస్తరు. ఫోన్ ఎత్తుతలేరు గనుక గిట్ల చెప్తున్న…"

రెండు నిమిషాల పైన. అయిపోయాక మార్పుల చరిత్ర తెరిచాను. గోడ మీద నా పేరు మూడుసార్లు, ఇంత పెద్ద అక్షరాల్లో.

"ఈ మెసేజ్ ఆ రోజే నాకు వచ్చింది. నేను వినలేదు. దావత్ ఫోటో చూసి టిక్కు పెట్టిన. తర్వాత తప్పు తెలిసి తేదీ మార్చిన, ఎవరికీ చెప్పలేదు. చాచా పేరు పక్కన ఎరుపు నా వల్ల వచ్చింది. మాఫీ చెయ్యి చాచా" అన్నాను.

సెంట్రింగ్ పెద్ద మనిషి, ఆ రోజు లారీలో పోయిన వాడు, గోడ మీది తారీఖులను చూస్తూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"అంటే గా దినం మేం జాకీలు వీకి ఉంటే…" అని ఆగిపోయాడు. పన్నెండు రోజుల స్లాబ్. కింద ఎనిమిది మంది.

ఒక మనిషి పని పోగొట్టానని మాత్రమే ఏడాదిగా నన్ను నేను నిందించుకున్నాను. ఎనిమిది మంది సంగతి ఆయన ఆ సగం మాట అనేదాకా నాకు తట్టనే లేదు. చాచా జాకీలకు అడ్డంగా నిలబడింది వాళ్ల కోసం. ఏడాది పాటు ఆయన్ను బస్టాండులో ఎగతాళి చేసింది కూడా వాళ్లే. ఆ పెద్ద మనిషి లేచి పోయి చాచా పక్కన నేల మీద కూర్చున్నాడు.

అన్న గొంతు సవరించుకున్నాడు. "నేను ఫోన్ల ఎన్ని మాటలన్ననో, గవి గూడ రాసుకున్నదా ఇది?"

"లేదు అన్న. ఫోన్ మాటలు రాసుకోదు."

"నయం. గోడ మీద వస్తే నేనీడ కూసోకపోదును." కుర్చీ జరిపి లేచాడు. "చాచా, ఆ దినం నేను తప్పు మాట్లాడిన. గందరి ముంగట మాట్లాడిన, గందుకే ఇప్పుడు గూడ గందరి ముంగటనే చెప్తున్న. మానుకోట బడి స్లాబ్ నువ్వే పొయ్యాలె."

"పోస్త" అన్నాడు చాచా. "కని టిక్కు నాది. సారుది గాదు."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడే, అందరి ముందే, పని పూర్తయిందని టిక్కు పెట్టే అధికారాన్ని నా పేరు మీద నుంచి తీసి సైటు మేస్త్రీలకు మార్చాను. మొదటి పేరు చాచాది. మహదేవపూర్ పనిలో ఆలస్యం ఎవరి వల్ల అన్న చోట నా పేరు పెట్టాను. ఖాళీగా ఉన్న కారణంలో రాశాను: వాయిస్ మెసేజ్ వినలేదు. వెంటనే రంగులు మారాయి. చాచా పచ్చగా అయ్యాడు. నేను ఎర్రబడ్డాను.

"గా ఎరుపు తియ్యకు. ఉండనియ్యి" అన్నాడు అన్న. ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్లు అడిగితే చెబుతాను.

*

మహబూబాబాద్ బడి స్లాబ్ రోజు నేను తెల్లవారక ముందే అక్కడున్నాను. నా అవసరం అక్కడేమీ లేదు. చూడాలనిపించింది, అంతే. మిల్లర్ ముందురోజే వచ్చి ఉంది. చాచా తలకు రుమాలు కట్టుకుని పైన తిరుగుతుంటే, కింద ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి మీద కూర కలుపుతున్నారు. పదకొండింటికే వాసన మేడ మీదికెక్కింది. ఒంటిగంటకు ఒక కూలీ, చాచా కూర అయిందట అని కేకేశాడు.

"కూర అయితే మూత వెట్టుమను. స్లాబ్ కాలే" అన్నాడు చాచా పై నుంచి.

జనగామ ఆఫీసు నుంచి స్టీలు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, నా తెర మీద ఇంక పచ్చగ కాలే. మీరు తిన్నరా ఏంది అప్పుడే?"

"చాచా తిననిస్తలేడు" అన్నాను.

ఆఖరి బొచ్చె కాంక్రీటు పడి, చెక్కతో సాపు చేసేసరికి మూడయింది. చాచా జేబులోంచి మేకు తీసి అంచున వంగి కూర్చున్నాడు. తారీఖు గీశాడు. ఒక్కో అంకె గీసి, అంచుల మీద లేచిన సిమెంటును వేలితో అద్దాడు. లేచి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఫోన్ తీసుకుని ఆ తారీఖును తనే ఫోటో తీశాడు. నేను సాయం చేయబోతే మోచేత్తో పక్కకు తోశాడు. ఫోటో జతచేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"స్లాబ్ అయింది. దావత్ ఇంక కాలే."

నా ఫోన్‌లో పట్టీ పచ్చబడింది. దాని వెనకున్నవన్నీ, నీళ్లు పట్టే రోజులు, సెంట్రింగ్ విప్పే రోజు, ప్లాస్టరింగ్, అన్నీ వరసగా సర్దుకుని తమ తమ తేదీల్లో నిలబడ్డాయి. ఎన్నిసార్లు చూసినా నాకు అది కొత్తగానే ఉంటుంది. తలెత్తి చూస్తే చాచా తన ఫోన్‌లోని అక్షరాలను వేలితో చదువుకుంటున్నాడు. చదవడం అయ్యాక మేకును జేబులో వేసుకుని నిచ్చెన వైపు నడిచాడు.

"ఇగ రా సారు" అన్నాడు. "ఇప్పుడు ఫోటో దిగుదాం."